ఇల్లు బోసిపోకుండా

ఖాళీ ఇల్లు నోరు మూసుకుని కూర్చోదు. మనుషులు ఉన్నంతకాలం గుట్టుగా, మర్యాదగా మసలిన ఇల్లే, వాళ్లు పెట్టె పట్టుకుని మలుపు తిరిగీ తిరగకముందే దారినపోయే ప్రతివాడికీ కబుర్లు చెప్పడం మొదలుపెడుతుంది. గుమ్మంలో పడ్డ పేపరు ఒక మాట అంటుంది. దాని మీద పడ్డ మర్నాటి పేపరు ఆ మాటకు సాక్ష్యం పలుకుతుంది. కిటికీ తెర నిన్నటి ముడతనే ఇవాళా పట్టుకుని వేలాడుతుంది. మెట్టు మీద రాలిన ఆకు ఎవరి కాలికిందా నలగకుండా, రాలిన భంగిమలోనే ఎండిపోతుంది. వినే చెవి ఉన్న దొంగకు ఇంతకంటే చుట్టరికం ఏం కావాలి?

కోటలు కట్టుకున్న రాజులు కందకాలు తవ్వించారు, వాటిలో మొసళ్లను పెంచారు. షావుకార్లు గోడల్లో ఇనుప పెట్టెలు దాచారు. గోడకు వేసే కన్నం కూడా చూడముచ్చటగా ఉండాలని తాపత్రయపడ్డ దొంగల గురించి పాత పుస్తకాలు మురిసిపోతూ రాశాయి. కానీ ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎన్ని పుస్తకాలు తిరగేసినా, ఖాళీ ఇంటి నోరు ఎలా మూయించాలో చెప్పినవాడు కనబడడు. ఆ విద్య తెలిసిన మనిషి ఒక సందు మొదట్లో, ఇస్త్రీ కొట్లో నిలబడి జీవితమంతా గడిపింది. ఆమెను సందంతా ‘ఇస్త్రీ అక్క’ అనేవాళ్లు.

మనిషి బక్కపలచన. కుడిచెయ్యి మాత్రం ఎడమచేతికి అక్కలాగా ఉండేది, అంత తేడా. కొట్టు ఇరుకు. గోడకు ఆనించిన బల్ల, దాని మీద మడతపెట్టి పరిచిన పాత దుప్పటి, ఆ దుప్పటి నిండా ఇస్త్రీపెట్టె కొన వదిలిన గోధుమరంగు మచ్చలు. బల్ల వెనక ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక ఇనుప కమ్మీ, దానికి సందులోని చొక్కాలన్నీ వేలాడుతూ ఉండేవి. ఆ చొక్కాల్ని ఈతకొట్టినట్టు రెండు చేతులా తోసుకుని అవతలికి పోతే గోడకు మేకులు, మేకులకు తాళంచెవులు. ఏ చెవి ఏ ఇంటిదో ఎక్కడా రాసి ఉండేది కాదు.

అక్కడ ఒక అలవాటుండేది. ఊరికి వెళ్లేవాళ్లు తాళంచెవి ఒక్కటే తెచ్చి ఇచ్చేవాళ్లు కాదు, దానికి తోడు ఒక బట్టలమూట కూడా బల్ల మీద పెట్టేవాళ్లు. “అక్కా, వెళ్లొస్తాం” అని అంతే. ఇల్లు చూస్తూ ఉండమని ఎవరూ అడిగేవాళ్లు కాదు. మూట విప్పి ఆమె అందులోని తువ్వాలో, లంగాయో, పిల్లల నిక్కరో తడిపి ఆ ఇంటి దండెం మీద ఆరేసేది. మర్నాడు అది తీసి ఇంకోటి వేసేది. అలా సందులో ఖాళీ అయిన ప్రతి ఇల్లూ రోజూ స్నానం చేసి బట్టలు మార్చుకునేది.

ఈ విద్య ఆమెకు ఊరికే రాలేదు. పెళ్లయిన కొత్తలో మొగుడూ పెళ్లామూ కొట్టు మూసి ఆడపడుచు ఇంటికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది, సందు జనం నమ్మి ఇచ్చిన బట్టలన్నీ మాయం. బడి మాస్టారు వారమంతా ఒకే చొక్కాతో పాఠం చెప్పాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగి ప్రతి గుమ్మంలోనూ తలొంచుకు నిలబడింది. తిట్టినవాళ్లున్నారు, జాలిపడ్డవాళ్లున్నారు. ఆమెకు మాత్రం తిట్లూ ఎక్కలేదు, జాలీ ఎక్కలేదు. “మనం లేమని వాడికెవరు చెప్పారు?” అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని వేలాడింది. చివరికి వీధి అవతలికి పోయి, దొంగ నిలబడి ఉండే చోట తనే నిలబడి, తన ఇంటిని పరాయి ఇల్లులా చూసింది. దండెం మీద తన తువ్వాలు. బయల్దేరిన పూట ఆరేసింది. ఎండకి ఎండి, వానకి నాని, మళ్లీ ఎండి అట్టలా బిగుసుకుపోయి ఉంది.

“ఆ తువ్వాలే చెప్పేసింది” అంది ఇంట్లోకి వస్తూ.

వెనక గదిలో బట్టలు పిండుతున్న మొగుడు తల తిప్పాడు. ఆయన మాటల పొదుపరి. “తువ్వాలుకి నోరెక్కడిదే?”

“నీకు లేదు గానీ దానికుంది.”

ఆ రోజు నుంచి ఆమె ఇళ్లచేత అబద్ధాలాడించడం నేర్చుకుంది. మామూలు అబద్ధాలు కావు. ఏ ఇంటి అబద్ధం ఆ ఇంటి యాసలోనే ఉండాలని ఆమె పట్టుదల. డ్రాయింగు మాస్టారు చెప్పులు విడిస్తే ఒకటి వీధికేసి, ఇంకోటి ఇంటికేసి చూసేవి. ఆయన ఊళ్లో లేనప్పుడు కూడా ఆ పాత చెప్పులు అలాగే అలిగినట్టు ఎడమొహం పెడమొహంగా ఉండేవి. సంగీతం టీచరు ఇంటి పైకిటికీ ఎప్పుడూ సగమే తెరిచి ఉండేది, ఆమె లేకున్నా సగమే. ఒకసారి పార్సిలు తెచ్చినవాడు తాళం వేసిన ఇంటి ముందు ఎంతసేపటికీ కదల్లేదు. అడిగితే, “లోపల ఎవరో స్నానం చేస్తున్నారండీ, వచ్చాక ఇచ్చి పోతా” అన్నాడు. తాళం పెరటి తలుపుకి వేసి, వీధి తలుపు లోపలినుంచి గడియ పెట్టడం అక్క పద్ధతి. కిటికీ ఊచ మీద అప్పుడే పిండినట్టున్న తువ్వాలు చూసి ఆ మనిషి అంత నమ్మకంగా నిలబడ్డాడు. విన్నవాళ్లు నవ్వారు. నవ్వు ఆగాక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లేని మనిషి స్నానం చేస్తున్నట్టు నమ్మించడమంటే మాటలా?

ఎదురుగా తాళాలూ కెమెరాలూ అమ్మే కొట్టతను ఆమెను ఆటపట్టించేవాడు. “అక్కా, నువ్వీ సందులో ఉన్నంతకాలం నా కొట్లో ఈగలే బేరానికొస్తాయి.”

“నీ కెమెరా ఏం చేస్తుందిరా తమ్ముడూ? దొంగొచ్చాక ఫొటో తీస్తుంది. వాడికేమన్నా పెళ్లా?”

“మరి నువ్వేం చేస్తావో?”

“వాడికి రాబుద్ధే పుట్టనివ్వను. అలాగని నీ గొళ్లేలు తీసేయమన్నానా? గొళ్లెం వదులుగా ఉంటే నా వేషాలన్నీ గాలికి పోతాయి. వచ్చి సంగీతం టీచరుగారి వెనక తలుపు చూడు, పిల్లి తోసినా తెరుచుకునేట్టుంది.”

అతను వేళకు దానంతటదే వెలిగే దీపం ఒకటి తెచ్చి బిగించాడు. ఆమె దాన్ని కొన్నాళ్లు గమనించి పెదవి విరిచింది. “మరీ బుద్ధిమంతురాల్రా ఇది. ఇంట్లో మనిషుంటే దీపం కూడా బద్ధకించాలి. ఒకరోజు తొందరపడాలి, ఒకరోజు మర్చిపోవాలి.” అతను పడీపడీ నవ్వి, ఆ దీపానికి చేతి మీట కూడా పెట్టాడు. అతని గొళ్లేలు, ఆమె అబద్ధాలు కలిసి ఆ సందుని కాశాయి. చుట్టుపక్కల వీధుల్లో తాళాలు విరిగేవి, ఆ సందులో విరగలేదు.

ఆమెకొక నియమం ఉండేది. పరాయి ఇంట్లో తెరలు కదుపుతుంది, చెప్పులు జరుపుతుంది, దీపాలు వెలిగిస్తుంది, మూటలోవి ఆరేస్తుంది. బీరువా మీద మాత్రం చెయ్యి వెయ్యదు. “తాళంచెవి ఇచ్చారంటే ఇల్లు చూడమని. ఇంట్లో ఏముందో చూడమని కాదు” అనేది. ఆ నియమం తప్పిందీ ఒక్కసారే. కథంతా ఆ ఒక్కసారిది.

సందు చివర లారీ అన్నయ్య ఇల్లు. లారీ నడుపుతూ ఆయన జీవితంలో సగం రోడ్డు మీదే గడిచింది. ఆయన భార్య జీవితమంతా ఆ ఇంట్లో గడిచింది. ఆయన ఎప్పుడొస్తాడో తెలియదు కనక ఆవిడ ఇల్లు వదిలేది కాదు. పెళ్లిళ్లకు పిలిస్తే “ఆయనొచ్చి గడియ కదిపితే పలకడానికి మనిషుండొద్దూ?” అనేది. ఇస్త్రీ అక్కకు ఆవిడ వదిన, వరసకే అయినా వాళ్ల వేళాకోళాలు చూస్తే సొంత వదినామరదళ్లు కూడా సిగ్గుపడాలి. భుజాన ఎప్పుడూ ఆకుపచ్చ శాలువా ఒకటి ఉండేది వదినకు, ఎండాకాలంలో కూడా. “అది శాలువా కాదు, వదిన చర్మం” అనేది అక్క. “ఇస్త్రీ చెయ్యనిస్తే ఊడొస్తుందని భయం.”

ఆ ఇంటి గేటు గడియ కదిలితే చాలు, లోపలినుంచి ఒకటే మాట, ఒకటే రాగం: “ఎవరూ? వస్తున్నా, కాస్త ఆగు.” లారీ మలుపులో రొద చేస్తూ ఆగడం సందంతా వినేది, వదినా వినేది. అయినా గడియ చప్పుడు కాగానే “ఎవరూ?” అనే అడిగేది.

“మొగుణ్ని పట్టుకుని ‘ఆగు’ అంటావా?” అనేవాడు ఆయన గేటు దగ్గర నిలబడి. “ఏమోయ్, నేనే.”

“ఎవరో తెలిసేదాకా అందరూ ఒకటే” అంటూ శాలువా సర్దుకుంటూ వచ్చేది.

ఆయన లారీ దిగి ఇంటిపట్టున ఉండే వయసొచ్చేసరికి వదిన మంచం పట్టింది. చివరి రోజుల్లో అక్క వెళ్లి పక్కన కూర్చునేది. ఒకనాడు వదిన చెయ్యి పట్టుకుంది.

“ఏమే, మా ఆయనకు తాళం వెయ్యడం కూడా రాదు, తెలుసా? ఎన్నడూ వేసే పని పడలేదు మరి.”

“నేను నేర్పుతాలే వదినా. ముందు నువ్వు లే.”

“లేవను గానీ విను. ఇల్లు బోసిపోకుండా చూడు.”

“చూస్తా.”

“నవ్వుతూ అనకు. మాటియ్యి.”

అక్క నవ్వకుండా మాటిచ్చింది.

వదిన పోయాక కూతురు వచ్చి తండ్రిని తనతో తీసుకుపోయింది. ఆయన బయల్దేరేటప్పుడు తాళంచెవి అక్క అరచేతిలో పెట్టాడు. మూట పెట్టలేదు. ఆ స్థితిలో ఉన్న మనిషికి మూట సంగతి ఏం గుర్తుంటుంది? అడగడానికి ఆమెకూ నోరు రాలేదు. ఆయన తన చొక్కాలన్నీ పెట్టెలో సర్దుకుని, పెట్టె మోసుకుంటూ పట్టపగలు సందంతా నడిచి బస్సెక్కాడు. లోకమంతా చూసింది.

సరిగ్గా అప్పుడే పక్కవీధుల్లో దొంగతనాలు పెరిగాయి. వాడెవడో గాని ఇళ్లను చదవడం వచ్చినవాడు. పెళ్లికి వెళ్లిన ఇల్లు, ఆసుపత్రికి వెళ్లిన ఇల్లు, తేడా లేకుండా ఖాళీ అయిన ఇంటికే పోతున్నాడు. అక్కకు నిద్ర కరువైంది. వీధి అవతల నిలబడి లారీ అన్నయ్య ఇంటిని చూసింది. తెరలు కదిపినా, దీపం వెలిగించినా, ఆ ఇల్లు వినడంలేదు. దండెం బోడిగా ఉంది. తన ఇంటి తువ్వాలు ఒకటి తెచ్చి వేసింది, అది అక్కడ చుట్టపుచూపుగా వచ్చినట్టు ఉంది. ఎంత సర్దినా ఆ ఇంటి మొహంలో ఒక్కటే కనిపిస్తోంది: లోపల మనిషి లేదు.

“ఏం చెయ్యను?” అంది మొగుడితో. “ఆ ఇంట్లో ఆవిడ బట్టలు తప్ప ఇంకేం మిగల్లేదు. అవి బీరువాలో ఉన్నాయి.”

ఆయన చాలాసేపు పిండుతూనే ఉన్నాడు. ఆఖరికి, “మాటిచ్చింది బీరువాకా, వదినకా?” అన్నాడు. ఆ ఏడాదికి ఆయన ఆడిన అతి పొడుగు మాట అదేనేమో.

ఆమె బీరువా తెరిచింది. శాలువా పై అరలోనే ఉంది. దాన్ని తడిపి, పిండి, వదిన ఆరేసినట్టే ఒక కొస పొడుగ్గా, ఒక కొస పొట్టిగా వేలాడేట్టు దండెం మీద వేసింది. గేటు దాటి వీధి అవతలికి పోయి వెనక్కి తిరిగి చూసింది. ఇల్లు కళ్లు తెరిచింది. ఇంత గుడ్డముక్క, గాలికి అటూ ఇటూ ఊగే పచ్చటి ఊలు, గోడలకూ తలుపులకూ ప్రాణం పోసింది. ఇన్నేళ్లుగా ఎన్ని ఇళ్లకో తను వేషం కట్టింది. ఇది వేషంలా లేదు.

ఆ తర్వాత ఆమెకు అదొక ధ్యాస అయిపోయింది. వదిన చెప్పులు పొద్దున ఒకచోట, సాయంత్రం ఒకచోట. మధ్యాహ్నాలు ఇస్త్రీపెట్టె, బట్టల మూట తీసుకుని ఆ ఇంటికే పోయి, వంటగది బల్ల మీద పని చేసుకునేది. వదిన తిట్టే కాకులనే తిట్టేది. వదిన నీళ్లు పోసే కుండీలకే నీళ్లు పోసేది. ఒక మధ్యాహ్నం గేటు గడియ చప్పుడైంది. చొక్కా కాలరు మీద ఉన్న ఇస్త్రీపెట్టె ఎత్తకుండానే ఏదో కేకేసి, కాలరు ముగించి బయటికొచ్చి చూస్తే ఎవరూ లేరు. పిల్లి కాబోలనుకుని లోపలికి పోయింది. దాని గురించి మళ్లీ తలచుకోనేలేదు.

కూతురింట్లో లారీ అన్నయ్య కాలు నిలవలేదు. వస్తున్నానని ఎవరికీ చెప్పకుండా ఒక మధ్యాహ్నం బస్సు దిగాడు. పెట్టె మోసుకుంటూ సందు చివరికి నడిచాడు. గేటు దగ్గరికొచ్చి తలెత్తాడు.

దండెం మీద ఆకుపచ్చ శాలువా. గుమ్మంలో ఆవిడ చెప్పులు. వంటగది కిటికీ తెరిచి ఉంది, లోపల ఎవరో మసలుతున్న అలికిడి.

ఆయన చెయ్యి దానంతటదే గడియ మీదికి పోయింది. గడియ కదిలింది.

“ఎవరూ? వస్తున్నా, కాస్త ఆగు.”

లోపల ఆ మాట నోరు దాటాక గాని అది ఎవరి మాటో అక్కకు తెలియలేదు. ఆ మాటే కాదు, ఆ రాగం, చివరి అక్షరం మీద ఆ చిన్న విసుగు కూడా వదినవే. ఏళ్ల తరబడి వినీ వినీ చెవిలో నానిపోయినవి, ఇప్పుడు తన గొంతులోంచి వచ్చాయి. ఇస్త్రీపెట్టె పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

బయటినుంచి ఒక గొంతు. ముసలి గొంతు. అందులో ఒక్క క్షణం వయసంతా రాలిపోయింది.

“ఏమోయ్... నేనే.”

పలికితే ఒక పాపం, పలక్కపోతే ఒక పాపం. గేటు నుంచి గుమ్మానికి ఉన్న ఆ కాస్త దూరంలో ఒక మనిషి నిలబడి, చనిపోయిన భార్య శాలువా సర్దుకుంటూ వస్తుందని ఎదురుచూస్తున్నాడు. ఆ ఎదురుచూపు ఎంత పెద్దదో గోడ ఇవతల నుంచే ఆమెకు తగిలింది. అడుగులో అడుగేసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“నేనన్నయ్యా... ఇస్త్రీదాన్ని.”

ఆయన ఆమెను చూశాడు. శాలువాను చూశాడు. పెట్టె కింద పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. తల ఎత్తకుండానే చెయ్యి చాపాడు. ఆమె తాళంచెవి ఆ చేతిలో పెట్టి, వేడి ఇంకా ఆరని ఇస్త్రీపెట్టె పట్టుకుని ఇంటికి నడిచింది.

మర్నాడు కూతురు ఫోను చేసింది. “అత్తా, మా అమ్మ బట్టలు బీరువాలోంచి ఎవరు తియ్యమన్నారు నిన్ను?”

“ఎవరూ అనలేదమ్మా.”

“నాన్న నిన్నటినుంచి మెతుకు ముట్టలేదు. అమ్మ పలికిందంటాడు. నేనేం చెప్పను ఆయనకి?”

“తప్పేనమ్మా.”

ఆమె చొక్కాల వరస తోసుకుని వెనక్కి వెళ్లింది. మేకుల మీది తాళంచెవులన్నీ తీసి, ఒక పాత దిండు గలీబులో వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. పెళ్లయిన కొత్తలో తిరిగినట్టే, అదే తలొంచుకుని.

“ఇదేంటక్కా?” అంది సంగీతం టీచరు. “నేను రేపు ఊరెళ్తున్నా కదా?”

“వేరేవాళ్లకి ఇవ్వండమ్మా. నేను బీరువాలు తెరిచేదాన్నయ్యాను.”

“నా బీరువా తెరిచినా ఏముంటుంది, తంబూరా గుడ్డ తప్ప?” అంది ఆవిడ నవ్వించాలని. అక్క నవ్వలేదు. టీచరుకు తాళంచెవి తీసుకోక తప్పలేదు. కొన్ని ఇళ్లవాళ్లు వెంటనే తీసుకున్నారు. అప్పటికే కథ సందంతా పాకింది. చచ్చిపోయినామె గొంతుతో పలుకుతుందట అని ఒకరిద్దరు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు కూడా. గోడకు మేకులు మాత్రం మిగిలాయి. ఆమె జీవితమంతా కాపాడుకుంటూ వచ్చిందేదో, నగ కాదు, నాణెం కాదు, సందు జనం తన అరచేతిలో పెట్టే ఆ బరువు, పోయింది. వదినకిచ్చిన మాట నిలిచిందో, మంట కలిసిందో కూడా తెలియని స్థితి. బోసిపోకుండా చూడమంటే, ఉన్న ఒక్క మనిషి గుండె పిండినట్టయింది.

కొన్నాళ్లకు పక్కవీధుల దొంగ దొరికాడు. ఎవరింటి వెనక కిటికీలోనో దూరబోయి, కెమెరా తమ్ముడు బిగించిన ఊచల మధ్య ఇరుక్కున్నాడు. ఏయే ఇళ్లలో దొంగిలించాడో చూపించడానికి పోలీసులు పొద్దున్నే వాణ్ని వీధి వీధికీ తిప్పారు. సందులోకీ వచ్చారు. జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. వాడు చూడబోతే సాదాసీదా మనిషి, నడివయసు, బ్యాంకులో వరసలో నిలబడితే ఎవరూ రెండోసారి చూడరు. అక్క కొట్టు గుమ్మంలో నిలబడింది. లారీ అన్నయ్య గేటు పట్టుకుని నిలబడ్డాడు. పోలీసాయన వాణ్ని సందు చివరిదాకా నడిపించాడు.

“ఈ సందులో ఏ ఇల్లురా?”

“ఇక్కడేం చెయ్యలేదు సార్.”

“ఏం, దయ కలిగిందా?”

“కాదు సార్. ఈ సందు జనం ఊళ్లకు పోరు సార్. ఎప్పుడు చూసినా అందరూ ఇళ్లలోనే ఉంటారు.”

సందంతా గొల్లుమంది. సగం మంది నెలకోసారి పెట్టె సర్దేవాళ్లే. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే వాడు లారీ అన్నయ్య ఇంటికేసి చెయ్యి చూపించాడు.

“ఆ ఇల్లొక్కటే సార్, అనుమానమొచ్చింది. ఆ పెద్దాయన పెట్టె పట్టుకుని బస్సెక్కడం చూశా. ఒంటరి మనిషేమో అనుకున్నా. రోజూ అటే తిరిగా. శాలువా ఒకటి ఆరేసి ఉండేది. గుడ్డలు ఎవరైనా ఆరేస్తారు సార్, అది నమ్మలేదు. ఒక మధ్యాహ్నం గేటు గడియ కదిపా.”

“కదిపితే?”

“లోపల్నించి ఆవిడ పలికింది సార్. ‘ఎవరూ? వస్తున్నా, కాస్త ఆగు’ అని.”

“ఎవరావిడ?”

“ఇంకెవరు సార్, ఆ ఇంటావిడ.”

“చూశావా?”

“చూడక్కర్లేదు సార్. పనిమనిషైతే తలుపు దగ్గరికొచ్చి అడుగుతుంది, ఎవరు కావాలని. సొంత ఇంట్లో మనిషే ఉన్నచోటు నుంచి కదలకుండా ‘ఆగు’ అంటుంది. నా పనిలో ఇన్నేళ్లు చూశా. ఆవిడ ఇల్లొదిలే మనిషి కాదు. వచ్చేశా.”

పోలీసాయనకు ఇదేమీ అర్థం కాక “పద పద” అని వాణ్ని తోసుకుపోయాడు. జనం చూపులు కొట్టు గుమ్మం మీదికి తిరిగాయి. అక్కకు పిల్లి అనుకున్న ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. అప్పుడే తన నోట వచ్చిందన్నమాట ఆ మాట, తనకే తెలియకుండా. ఇల్లు కాసింది తువ్వాళ్లు కాదు, చెప్పులు కాదు, తన తెలివి అసలే కాదు. ఒక ఆడమనిషి జీవితమంతా గుమ్మం వదలకుండా, గడియ కదిలిన ప్రతిసారీ పలికిన పలుకు. ఆ మనిషి పోయినా, పలికే పని మానలేదు. కావలసిన రోజున దొరికిన గొంతులోంచి పలికింది. ఇంత పెద్ద సంగతి తన ఒంట్లోంచి నడిచిపోతే, తను కాలరు మడత చూసుకుంటూ ఉంది!

గేటు వదిలి లారీ అన్నయ్య లోపలికి పోయాడు.

ఆ సాయంత్రమే కొట్టు బల్ల మీద ఒక మూట పడింది. తలెత్తేసరికి ఆయన.

“ఇస్త్రీకా అన్నయ్యా?”

“విప్పి చూడు.”

రెండు చొక్కాలు, వాటి మధ్య ఆకుపచ్చ శాలువా, శాలువా మడతలో తాళంచెవి.

“మళ్లీ ఊరెళ్తున్నావా?”

“ఎక్కడికీ పోను. నేనున్నా సరే, ఇంటి తాళంచెవి నీ దగ్గరుండాలి. వెళ్లేటప్పుడు మూట ఇవ్వడం మర్చిపోయా కదా. ఆవిడుంటే చీవాట్లు పెట్టేది.” శాలువా కొస మూటలోకి సర్దాడు. “శాలువా కాల్చకు. ఇస్త్రీ చెయ్యనిచ్చేది కాదు.”

“చర్మం ఊడొస్తుందని” అంది అక్క. ఇద్దరూ నవ్వారో ఏడ్చారో వెనక గదిలో పిండుతున్నాయన తల తిప్పి కూడా చూడలేదు.

ఆయన వెళ్లాక ఆమె చొక్కాల్ని తోసుకుని వెళ్లి తాళంచెవిని మేకుకి తగిలించింది. మిగిలినవి పిలవకుండానే తిరిగొచ్చాయి. మొదట సంగీతం టీచరుది, మూటతో సహా.

శాలువాను ఆమె ఇస్త్రీపెట్టె ఆనించకుండా, ఆవిరి పట్టి, చేత్తో సాపు చేసింది. చొక్కాలతో పాటు చంకన పెట్టుకుని మర్నాడు సందు చివరికి నడిచింది. గేటు మూసి ఉంది. వంటగదిలో గిన్నెల చప్పుడు. ఆమె గడియ కదిపింది.

లోపలినుంచి ముసలి మగగొంతు, అదే రాగంలో, చివర అదే చిన్న విసుగుతో పలికింది.

“ఎవరూ? వస్తున్నా, కాస్త ఆగు.”

ఇస్త్రీ అక్క శాలువా గుండెలకు హత్తుకుని, గేటు ఇవతలే ఆగింది.